పాత బెంజి, కొత్త వైర్లు

బ్యాంకులో ముప్ఫయ్యారేళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఏం చెయ్యాలో మా పుణే కాలనీలో అందరికీ తెలుసు. పొద్దున్నే నడవాలి, డిపాజిట్ల వడ్డీ లెక్క చూసుకోవాలి, ఏడాదికోసారి తిరుపతి వెళ్లి రావాలి. నేను ఆ మూడూ చేస్తూనే 2022 మార్చిలో ఇరవయ్యారేళ్ల బెంజి కారు ఒకటి కొని ఇంటి ముందు నిలబెట్టాను. ధర 3 లక్షల 10 వేలు. చుట్టుపక్కల వాళ్లు అభినందించాలో పరామర్శించాలో తెలియక కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

"గింత పైసలు పోసి గీ ముసలి బండి ఎందుకయ్యా? మనమే ముసలోళ్లమైతిమి, ఇగ దీనికి గూడ మందులు మనమే కొనాల్నా?" అంది మా ఆవిడ. ఏనుగును తేవడం సులువే, మేపడమే కష్టమన్న సంగతి ఆవిడకు ఆ రోజే తెలుసు. నాకు తెలియడానికి ఏడాదిన్నర పట్టింది.

మాది షోలాపూర్. మా తాత నల్లగొండ జిల్లా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ అక్కడికి వెళ్లాడు. మా నాన్న నాలుగు మరమగ్గాలు పెట్టి తువ్వాళ్లు, చద్దర్లు నేయించాడు. నేను బ్యాంకు ఉద్యోగం మీద పుణే వచ్చాను. నాకంటే ముందే మా అన్న పింప్రిలో టెల్కో ఫ్యాక్టరీలో చేరాడు. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఈ వ్యాసం నేనే చదివి వినిపించాలి కాబట్టి వాడి విషయం కాస్త జాగ్రత్తగా రాస్తున్నాను.

బెంజి కంపెనీ మన దేశంలో కార్లు బిగించడం మొదలుపెట్టింది పుణేలోనే. 1994లో ఇక్కడ కంపెనీ పెట్టి, 1995లో టెల్కో ఆవరణలోనే పని ప్రారంభించారు. మొదట తయారైన మోడల్‌కి కంపెనీ లెక్కలో పేరు డబ్ల్యూ124. వెనక ఈ220 అని రాసి ఉండేది. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజిను, 150 హార్స్‌పవర్. మన రోడ్ల మీద తిరిగే మారుతి 800 శక్తి 40 హార్స్‌పవర్ లోపే ఉన్న రోజులవి. ఆ కారు గంటకు 200 కిలోమీటర్లు దాటుతుందంటే నమ్మేవాళ్లు కూడా తక్కువే.

ఆ లైన్లో పనికి పంపిన వాళ్లలో మా అన్న ఒకడు. తలుపులు బిగించడం ఆయన పని. దసరాకి షోలాపూర్ వస్తే ఆ కబుర్లే. విడిభాగాలు జర్మనీ నుంచి పెట్టెల్లో ఎలా వచ్చేవో, తలుపుకీ స్తంభానికీ మధ్య సందు ఎలా కొలిచేవారో, తలుపు వేస్తే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో నోటితో చేసి చూపించేవాడు. "గా బండి ఎంతుంటదిరా?" అని నాన్న అడిగాడు ఒకసారి. "మన షెడ్డు అసుంటియి పది అమ్మినా రాదు బాపూ" అన్నాడు అన్న. నాన్న నవ్వి మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ షెడ్డునే 2014లో, నాన్న పోయిన తర్వాత, అమ్మేశాం. డబ్బు పంచుకునే దగ్గర మాటా మాటా పెరిగింది. తప్పెవరిదో ఇక్కడ రాయను. రాసేది నేను కాబట్టి నాది తక్కువని తేలుతుంది, అది న్యాయం కాదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఒకే ఊళ్లో పధ్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా పెళ్లిళ్లలో తప్ప కలుసుకోలేదు. షోలాపూర్‌కైతే అన్న మళ్లీ అడుగే పెట్టలేదు.

కారు క్యాంపులో ఉండే ఒక ముసలి డాక్టరు గారిది. చూపు తగ్గి నడపడం మానేశారు. మన పాఠకుల్లో ఎవరికైనా ఇలాంటి సరదా ఉంటే, ఆ రోజు నేను చూసినవీ చూడాల్సి ఉండి చూడనివీ చెబుతాను. ఆర్.సి.లో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీద ఉన్న వాటితో సరిపోయాయి. ఆర్.సి. 2026 దాకా రెన్యూ అయి ఉంది. ఇది చిన్న విషయం కాదు. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 5,000 చేశారు, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 అయింది. మహారాష్ట్రలో పర్యావరణ పన్ను అదనం. రంగు బాగుంది, సీట్లు బాగున్నాయి. ఇంజిన్లో టైమింగ్‌కి బెల్టు కాకుండా గొలుసు ఉంటుందని, అది తెగదని విని సంతోషించాను.

చూడనివి ఏమిటంటే, తలుపుల కింది భాగంలో ప్లాస్టిక్ పలకలుంటాయి, వాటి వెనక తుప్పు దాక్కుంటుంది. జాకీ పెట్టే చోట్ల రబ్బరు మూతలుంటాయి, వాటి లోపలా అంతే. బ్యాటరీ కింది రేకు కూడా చూడాలి. ఇంజిన్ను రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే మొదటిసారి స్టార్టు చేసి వినాలి. నేను వెళ్లేసరికి డాక్టరు గారి డ్రైవరు ఇంజిన్ వెచ్చచేసి ఉంచాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయి పాడిన ఒక్క పాట విని సంబంధం ఖాయం చేసుకున్నట్టు నేను తాళాలు తీసుకున్నాను.

ఆ సాయంత్రం అన్నకి ఫోన్ చేశాను. ఎనిమిదేళ్ల తర్వాత మొదటి మాట ఏం మాట్లాడాలో తోచక, "అన్నా, నువ్వు బిగించిన బండి ఒకటి కొన్న" అన్నాను. కాసేపు అటునుంచి ఏమీ వినిపించలేదు. "ఏ యేడు?" అని అడిగాడు.

"తొంభై ఆరు."

"రేపొస్త."

వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. జేబులోంచి పది రూపాయల నోటు తీసి తలుపు రబ్బరుకి ఆనించి తలుపు వేసి, నోటు మెల్లగా లాగి చూశాడు. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు, జారి వస్తే అక్కడ గాలీ నీళ్లూ దూరుతున్నట్టు. నాలుగు తలుపుల చుట్టూ అలా ఇరవై చోట్ల చూశాడు. వెనక ఎడమ తలుపు దగ్గర రెండు చోట్ల నోటు జారింది. "గీ తలుపు నేనే బిగించిన్నని చెప్పలేను తమ్మీ. గని మా లైన్లదే" అన్నాడు. తర్వాత లోపలికొచ్చి చాయ్ తాగాడు. షెడ్డు సంగతి ఎవరం ఎత్తలేదు.

ఇక మా వాడి సంగతి. వాడికి కారంటే పిచ్చి, నాకంటే ఎక్కువ. ఇదే మోడల్లో 500ఈ అని ఒకటుంది, అది వాడి కల. ఆ కథ వినదగ్గదే. 1980ల చివర్లో బెంజి కంపెనీ ఈ కారులోనే అయిదు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజిను పెట్టాలనుకుంది. 326 హార్స్‌పవర్. చక్రాలు వెడల్పు, వాటి మీది రేకులు వెడల్పు. అంత వెడల్పు కారు జిండెల్‌ఫింగెన్‌లోని సొంత లైన్లో పట్టలేదు. అప్పుడు పోర్షే కంపెనీ డబ్బు ఇబ్బందుల్లో ఉంది, పని కావాలి. పోర్షే వాళ్లు రూపకల్పనలో సాయం చేసి, తమ షెడ్డులో బాడీలు కూర్చేవారు. అవి లారీలో బెంజి ఫ్యాక్టరీకి వెళ్లి రంగు వేయించుకుని, మళ్లీ పోర్షేకి వచ్చి ఇంజిన్ పెట్టించుకుని, చివరి పరీక్షకి తిరిగి బెంజికి వెళ్లేవి. ఒక్కో కారుకు 18 రోజులు పట్టేదట. 1995 వరకు పదివేల పైచిలుకు మాత్రమే చేశారు. బయటినుంచి చూస్తే మామూలు కారుకీ దానికీ తేడా గుర్తుపట్టడం కష్టం, అదే దాని గొప్ప.

మా వాడి ప్లాను: కారును రెండంగుళాలు కిందికి దించాలి, రేకులు వెడల్పు చేయించాలి, 18 అంగుళాల చక్రాలు వెయ్యాలి, వీలైతే ఇంజిన్ తీసేసి టొయోటా ఆరు సిలిండర్ల టర్బో ఇంజిను పెట్టించాలి. అలా చేసేవాళ్లు ఉన్నారు, మంచి పనివాళ్లూ ఉన్నారు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ఆర్.టి.ఓ. అనుమతి కావాలి. "బాపూ, నువ్వు బ్యాంకులో ఉన్నప్పుడు గూడ గిట్లనే లోన్లు ఆపెటోడివా?" అన్నాడు వాడు. అవును, ఆపేవాడినే.

అన్న మాత్రం వేరే కారణం చెప్పాడు. కారు కిందికి దిగితే మన స్పీడు బ్రేకర్ల మీద పొట్ట తగులుతుంది. పెద్ద చక్రం వేస్తే టైరు పక్క గోడ సన్నబడి గుంటల్లో చక్రం వంకరపోతుంది. ఈ కారు వెనక చక్రం ఒక్కోదానికి అయిదు కడ్డీల పట్టు ఉంటుంది, అవి కొలత ప్రకారం ఉంటేనే మలుపులో బండి నేలను పట్టుకుంటుంది. "ముందుగాల రబ్బర్లు మార్చు. తర్వాత మాట్లాడు" అన్నాడు. మా వాడు ఆర్.టి.ఓ. మాట వినకపోయినా పెదనాన్న మాట విన్నాడు.

కొన్న ఆరు నెలల నుంచే ఇంజిన్ అప్పుడప్పుడు తడబడేది. సిగ్నల్ దగ్గర వణికేది, ఎండలో ఎక్కువ, వానలో ఇంకా ఎక్కువ. పేరున్న ఒక గ్యారేజీకి ఇచ్చాను. వారం ఉంచుకుని, వైరింగు బాగు చేశామని 38 వేలు తీసుకున్నారు. వణుకు తగ్గింది. నేను నమ్మాను.

2023 రాఖీ పున్నమికి మా షోలాపూర్‌లో మార్కండేయ మహర్షి రథోత్సవం. పద్మశాలీలకు ఆ రోజు ఎంత ముఖ్యమో ఆ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్ల తర్వాత అన్న వస్తానన్నాడు. ముందు రాత్రి బయల్దేరాం. నేను డ్రైవింగు, పక్కన అన్న, వెనక మా ఆవిడా వదినా. పుణే నుంచి షోలాపూర్ మీదుగా హైదరాబాదు, విజయవాడ దాటి మచిలీపట్నం దాకా వెళ్లే రోడ్డది. మా తాత నడిచి, బండ్లెక్కి ఏ దారిన వచ్చాడో గానీ నాకు ఆ రోడ్డు ఎక్కితే చాలు ఇంటికి వెళ్తున్నట్టే ఉంటుంది. భిగ్వణ్ దాటాక సన్నగా వాన మొదలైంది. ఎనభై వేగంలో ఉండగా ఇంజిన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. స్టీరింగు రాయిలా బిగిసింది, బ్రేకు గట్టిపడింది. కుడివైపు లేన్లో ఉన్నాం.

వెనక కంటైనర్ లారీల వరుస. దీపాలు మాత్రం ఆరిపోలేదు, అది మా అదృష్టం. ఆడవాళ్లను రోడ్డు పక్కకి పంపి, ఆ పధ్నాలుగు వందల కిలోల బండిని నేనూ అన్నా కలిసి తోశాం. ఆయనకప్పటికి డెబ్భై ఏళ్లు, షుగరు. ఒక లారీ హారన్ కొడుతూ మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. పక్కకి చేర్చాక అన్న గుండె మీద చెయ్యి పెట్టుకుని తడి నేల మీద కూర్చుండిపోయాడు. వదిన ఏడుపు ఆ వాన చప్పుడులో కూడా వినిపించింది. మా వాడు పుణే నుంచి ఇంకో కారు తీసుకుని తెల్లవారుజామున వచ్చాడు. ఆస్పత్రిలో పరీక్షలు చేసి గుండెకేమీ లేదు, అలసట అన్నారు. రథం ఆ ఏడు మేము చూడలేదు. "మీ తమ్ముని బండి నేను మళ్లీ ఎక్క" అని వదిన అన్నకి చెప్పిందట.

నేను అమ్మేద్దామనే అనుకున్నాను. బేరం కూడా వచ్చింది, పెట్టినదాంట్లో సగానికి. పది రోజులకి అన్నే ఫోన్ చేసి, వైరింగు విప్పించావా అని అడిగాడు. విప్పించాను. గ్యారేజీ వాళ్లు చేసిన 'బాగు' ఏమిటో అప్పుడు తెలిసింది: పైన కొత్త నల్ల టేపు చుట్టారు, అంతే. టేపు విప్పితే లోపల వైర్ల మీది తొడుగు బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది. రాగి రాగికి తగులుతోంది.

ఇది మా ఒక్క కారు జబ్బు కాదు. సుమారు 1992 నుంచి 1995 దాకా తయారైన ఈ కంపెనీ కార్లకు ఇంజిన్ వైర్ల తొడుగును త్వరగా మట్టిలో కలిసిపోయే పదార్థంతో చేశారు. పర్యావరణం మీద మంచి ఉద్దేశంతోనే. అయితే కారు చెత్తకుప్పకు చేరేదాకా అది ఆగలేదు, ఇంజిన్ వేడికే మట్టయింది. ఇలాంటి కారు కొనేవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఇంజిన్ దగ్గర ఒక వైరును మెల్లగా వంచండి. తొడుగు పగిలితే ధర తగ్గించమని అడగండి, లేదా నమస్కారం పెట్టి వచ్చేయండి.

కొత్త వైరింగు సెట్టు జర్మనీ నుంచి తెప్పించడానికి లక్షకు పైగా చెప్పారు. అన్న మనమే చేద్దామన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి, నా చేతులకు నోట్లు లెక్కపెట్టడం తప్ప ఏమీ రాదు. పాత వైరింగు మొత్తం విప్పి హాల్లో పాత చద్దరు మీద పరిచాం. నలభై పైచిలుకు వైర్లు, ఒక్కోటీ ఒక్కో పొడవు, ఒక్కో రంగు, కొన్నిటి మీద రెండో రంగు గీత. గోధుమరంగుది ఎప్పుడూ ఎర్తుకే వెళ్తుందని అన్న చెప్పాడు, అది జర్మన్ల పద్ధతి. ఏది ఎక్కడికో రాసుకుంటూ ఒక పూటంతా కూర్చున్నాం, రెండుసార్లు కలిపేశాం.

వంటింట్లోంచి చూస్తున్న మా ఆవిడ వచ్చి, "జెర జరగుండ్రి" అని మధ్యలో కూర్చుంది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్న షెడ్డులో పడుగు అతికిన మనిషి. మగ్గం మీద పాత పడుగు అయిపోయేటప్పుడు కొత్త పడుగులోని వేల పోగులను ఒక్కొక్కటే పాతవాటికి ముడివెయ్యాలి. ఒక్క పోగు వరస తప్పితే గుడ్డంతా చారే. ఆవిడ పాత చీర అంచు చించి చీటీలు చేసి, ప్రతి వైరుకు రెండు కొసలా కట్టి, తెలుగులో రాసింది. 'ఎ.న.' అంటే ఎరుపు మీద నలుపు, 'గో' అంటే గోధుమ. కొత్త వైరు వేడికి తట్టుకునే సిలికాన్ తొడుగుది తెచ్చాం. పాతదాని పక్కన పెట్టి కొలిచి కత్తిరించడం ఆవిడ పని. కొసలకు పిన్నులు నొక్కి సాల్డరింగు చెయ్యడం మా వాడి పని. అన్న కుర్చీలో కూర్చుని తప్పులు పట్టేవాడు. నాకు టీలు పెట్టే పని ఇచ్చారు. అయిదు ఆదివారాలు పట్టింది. సామాను ఖర్చు 11 వేలు.

మొదటిసారి తాళం తిప్పినప్పుడు అంటుకోలేదు. ఒక కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదు. అది నొక్కాక అంటుకుంది. "నా ముడి కాదు, మీ సాల్డరింగే" అంది మా ఆవిడ.

ఆ తర్వాత మిగతా పనులు వరసగా జరిగాయి. పెట్రోలులో ఇథనాల్ 20 శాతం కలపడం 2023లో మొదలై 2025కల్లా దేశమంతా వచ్చింది. పాతకాలపు రబ్బరు గొట్టాలను అది తినేస్తుంది. అందుకని ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్‌కి ఓర్చే రకానివి వేయించాం. బ్రేకు డిస్కులు, గొట్టాలు, ద్రవం కొత్తవి. షాక్ అబ్జార్బర్లు గ్యాసు నింపినవి, స్ప్రింగులు మాత్రం పాతవే. హెడ్‌లైట్లకు విడిగా రిలే పెట్టి లావు వైరు వేసేసరికి రాత్రి రోడ్డు పగలైంది. మా వాడికి ఒక్క కోరిక తీర్చాం: ఇనుప చక్రాలు తీసి, ఇదే మోడల్‌కి వచ్చే ఎనిమిది రంధ్రాల అల్లాయ్ చక్రాలు, కొలత మారకుండా 15 అంగుళాలవే. రిలే పెట్టడం మార్పు కాదా, చక్రాలు మార్పు కాదా, మరి నా టర్బోకే అడ్డమా అని వాడు ఇప్పటికీ వాదిస్తాడు. నా దగ్గర గట్టి జవాబు లేదు. రాత్రి రోడ్డు కనిపించడం వేరు, పక్కవాడికి మనం కనిపించడం వేరు అంటాను. వాడు ఒప్పుకోడు.

2024 రాఖీ పున్నమి ఆగస్టు 19న. మళ్లీ బయల్దేరాం, ఈసారి పగలే. వదిన మాట మీద నిలబడింది. ముందు రోజు సాయంత్రమే హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో తనొక్కతే షోలాపూర్ వెళ్లిపోయింది. భిగ్వణ్ దగ్గర మా ఆవిడ మాట్లాడటం మానేసింది, ఇందాపూర్ దాటాక మళ్లీ మొదలుపెట్టింది. మోహోళ్ దగ్గర పెద్ద వాన. ఈ కారు ముందు అద్దానికి ఒక్కటే వైపరు ఉంటుంది. అది తిరుగుతూ తిరుగుతూ మూలల దగ్గర ముందుకు చాచుకుని మళ్లీ లోపలికి ముడుచుకుంటుంది, అద్దంలో 86 శాతం తుడుస్తుంది. అన్న ఆ వైపర్‌నే చూస్తూ కూర్చున్నాడు.

ఊళ్లోకి వచ్చాక మా పాత షెడ్డు ఉన్న సందులోంచి పోనిమ్మన్నాడు. ఇప్పుడక్కడ ఎవరిదో గోడౌను. కారు ఆపాను. దిగుతాడనుకున్నాను, దిగలేదు. అద్దం దించి రెండు నిమిషాలు చూశాడు. ఆ పాత లెక్క మా మధ్య ఇంకా అలాగే ఉంది, ఆ రోజూ ఎవరం ఎత్తలేదు.

"పోనీ" అన్నాడు. సందు మలుపులో ముందు ఎడమ చక్రం దగ్గర టక్‌మని చిన్న చప్పుడైంది. నేను విననట్టే ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు.

"బాల్ జాయింటు. ఆదివారం వస్త, జాకీ తీసి పెట్టు."